యాభై ఏండ్లు పెట్టెల ఉన్న ఫోటో

మొన్న మా పక్క ఊర్ల ఒక పంచాయితీకి పోయిన. డిగ్రీ సదివే బిడ్డ ముచ్చట. ఒకడ్ని నమ్మి తన ఫోటో ఒకటి పంపింది. వాడు దాన్ని దోస్తులకు పంపిండు, దోస్తులు ఊరి గ్రూపుల్ల ఏసిండ్రు. పెద్దమనుషులు మూడు గంటలు కూసొని తేల్చింది ఏందంటె, ఇగ ఊర్ల ఆడపిల్లలకు ఫోన్లు కొనియ్యొద్దు. ఫోటో పంచినోడు ఆ కూటంల లేడు. వాని పేరు సుత ఎవ్వరు తియ్యలె. ఆ బిడ్డ తల్లి మాత్రం మూడు గంటలు తల వంచుకొని నిలవడ్డది.

నేను అడిగిన, తప్పు ఎవలది అని. ఒక పెద్దాయన నన్ను కిందికెల్లి మీదికి చూసి, ఒంటి మీద బట్ట లేకుంట ఫోటో దిగుడే తప్పు కదమ్మా అన్నడు. నేను తిరిగి ఏదో అన్న గానీ, వాళ్లకు ఎక్కలే. బస్సుల ఇంటికి వచ్చేటప్పుడు నాకు ఒక ముసలామె యాదికొచ్చింది. మన దేశమామె గాదు. సచ్చిపోయి యాభై ఏండ్లు కావస్తున్నది. పేరు ఇమోజెన్ కన్నింగ్‌హామ్. అమెరికా ఫోటోగ్రాఫరు. తమ్ముళ్లు, చెల్లెండ్లు, ఆమె బతుకు మీకు చెప్పాలనిపించింది. చివరిదాక సదువుండ్రి, ఎందుకు చెప్తున్ననో మీకే తెలుస్తది.

ముందు నాకు ఆమె ఎట్ల తెలుసో చెప్త. ఇంటర్ మధ్యల ఆపినంక మా అక్క ఇంట్ల ఉన్న. మా బావకు మండల కేంద్రంల ఫోటో స్టూడియో ఉండె. అప్పట్ల రీలు కాలం. పగలు ఫోటోలు దించుడు బావ పని, రాత్రి చీకటి అర్రల కడుగుడు నా పని. పాస్‌పోర్టు ఫోటోలు, బడి గ్రూపు ఫోటోలు, అన్నీ బ్లాక్ అండ్ వైటే. ఎర్ర బల్బు కింద ట్రేల కాగితం ఏస్తె, తెల్లటి కాగితం మీద మెల్లగ ఒక ముఖం లేస్తది. ఆ తర్వాత హైపోల ముంచాలె, లేకుంటె బొమ్మ నిలవదు. నా ఏళ్లకు ఎప్పుడు హైపో వాసనే. మూడేండ్లు చేసిన. కవర్ల మీద బావ పేరే ఉండె. ఇంట్ల ఆడపిల్ల చేసే పనికి పేరేందని నాకు సుత అప్పుడు తట్టలె.

ఒకపారి హైదరాబాద్ పోయినప్పుడు ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాలు అమ్మేకాడ ఒక ఫోటోల పుస్తకం దొరికింది. అట్ట చినిగింది. ఇంగ్లీషు నాకు సగమే అర్థమైంది. లోపల ఒక తెల్ల పువ్వు ఫోటో. ఒక్కటే పువ్వు, పేజీ నిండ. నడుమ కేసరాలు ఒక్కొక్కటి లెక్కవెట్టొచ్చు. అది తీసినామె ముగ్గురు పిల్లల తల్లి, పిల్లలు పండుకున్నప్పుడు తోటల ఫోటోలు తీసేదని కింద రాసి ఉండె. ఆ పుస్తకం ఇప్పటికి నా కాడున్నది. ఇంగ్లీషు నేర్సుకున్నదే సగం దాన్ని సదవనీకి.

ఇమోజెన్ 1883 ఏప్రిల్ 12న అమెరికాల పడమటి దిక్కు ఒరెగన్ రాష్ట్రం పోర్ట్‌లాండ్‌ల పుట్టింది. తల్లిదండ్రులకు పదిమంది పిల్లలు, ఈమె అయిదో ఆమె. తండ్రి ఐజక్ కొత్త రకం మనిషి. మాంసం తినడు, గుడి గోపురం పట్టింపు లేదు, తనంతట తనే సదువుకున్నోడు. షేక్‌స్పియర్ నాటకంల ఉన్న ఒక రాజు బిడ్డ పేరు తీసి ఈమెకు పెట్టిండు. చిన్నప్పుడు కొన్నాళ్లు అందరు కలిసి పని చేసుకొని బతికే ఒక సహకార కాలనీల ఉన్నరు, అటెన్క సియాటిల్ చేరిండ్రు. ఇంట్ల పైసలు తక్కువ. అయినా ఈ బిడ్డకు బొమ్మలు గీసుడు నేర్పియ్యనీకి తండ్రి ఎట్లనో తంటాలు పడ్డడు.

1901ల, పద్దెనిమిదేండ్లప్పుడు, ఇమోజెన్ పోస్టుల కెమెరా తెప్పించుకున్నది. పదిహేను డాలర్లు. దాంతోని పాటు పోస్టులనే పాఠాలు. ఇప్పుడు మీరు యూట్యూబుల నేర్సుకున్నట్టే. తండ్రి కట్టెల కొట్టంల డార్క్ రూమ్ కట్టించి ఇచ్చిండు. కరెంటు లైటు లేదు, మైనం బత్తికి ఎర్ర కాగితం అడ్డం. ఇంత సదివి ఫోటోలు తీసుకుంట బతుకుతవా అని ఆయనకు లోపల మనాది ఉండె. అయినా డార్క్ రూమ్ కట్టిచ్చిండు. బిడ్డ కోరిక నచ్చకున్నా దారి మూయని తండ్రి ఉండుడు ఎంత పెద్ద సంగతో మన ఊర్లల్ల ఆడపిల్లలకు నేను చెప్పాల్సిన పనిలేదు.

వాషింగ్టన్ యూనివర్సిటీల రసాయన శాస్త్రం తీసుకున్నది. ఎందుకంటె ఫోటోగ్రఫీ మొత్తం కెమిస్ట్రీనే. ఫీజులకు పైసల కోసం వృక్షశాస్త్రం డిపార్టుమెంటుకు చెట్ల, మొక్కల స్లైడ్లు చేసి ఇచ్చేది. ఆ పని తర్వాత ఇరవై ఏండ్లకు ఎట్ల అక్కరకొచ్చిందో ముందు చెప్త.

1906ల ఒక పని చేసింది. యూనివర్సిటీ ఆవరణల మనుషులు తిరగని జాగ చూసి, గడ్డిల బట్టలు లేకుంట పండుకొని, తన ఫోటో తనే తీసుకున్నది. ఆమె వయసు ఇరవై మూడు. కళ కోసం ఆమె తీసిన మొదటి నగ్న చిత్రం ఎవలో మోడల్‌ది గాదు, తన ఒంటిదే. ఫోటోల గడ్డి పొడుగ్గ ఉంటది, మనిషి ఆ గడ్డిల సగం మునిగి ఉంటది. ఎవల్నో రెచ్చగొట్టేటట్టు ఏముండదు. ఎండల పండుకున్న మనిషి, అంతే. ఇప్పుడైతె దాన్ని సెల్ఫీ అంటరు. తేడా ఒక్కటే. అప్పుడు ఆ గాజు పలక ఆమె కాడనే ఉన్నది. ఎవలకు చూపియ్యాల్నో, ఎప్పుడు చూపియ్యాల్నో ఆమెనే అనుకోవాలె. ఈ మాట యాదికి పెట్టుకోండ్రి.

సదువు అయినంక సియాటిల్‌ల ఎడ్వర్డ్ కర్టిస్ స్టూడియోల కొలువు చేసింది. కర్టిస్ అమెరికా ఆదివాసుల ఫోటోలు వేలకు వేలు తీసినోడు, మస్తు పేరున్నోడు. ఇమోజెన్ అక్కడ ప్లాటినం ప్రింట్లు చేసుడు నేర్సుకున్నది. వెండికి బదులు ప్లాటినం ఉప్పులు కాగితానికి రాస్తరు. నలుపుకు తెలుపుకు నడుమ బూడిద రంగు ఎన్ని మెట్లు ఉంటదో చూడాల్నంటె ఆ ప్రింటే చూడాలె. కర్టిస్ ముచ్చటల ఇంకోటి సుత చెప్పాలె. ఆదివాసుల గుడారంల ఉన్న గడియారాన్ని ఆయన నెగటివ్ మీదికెల్లి తీసేపిచ్చిండు, పాతకాలం లెక్క కనవడాలెనని. ఫోటో దిగేటోని బతుకు ఎట్ల కనవడాల్నో తీసేటోడే తేల్చిండన్నట్టు. కెమెరా చేతుల ఉంటె వచ్చే పెత్తనం అది. ఇమోజెన్ ఆ స్టూడియోల పని నేర్సుకున్నది గానీ, ఆ పెత్తనం మాత్రం నేర్సుకోలేదని ఆమె ఫోటోలు చూస్తె నాకు అనిపిస్తది.

1909ల స్కాలర్‌షిప్ వచ్చింది, 500 డాలర్లు. జర్మనీల డ్రెస్డెన్ పోయి ఫోటో కెమిస్ట్రీ సదివింది. ప్లాటినం కాగితాన్ని చేతితోని ఎట్ల తయారు చేసుకోవాల్నో, దాని మీద గోధుమ రంగు ఎట్ల తేవాల్నో పరిశోధన చేసి వ్యాసం రాసింది. తిరిగి వచ్చి 1910ల సియాటిల్‌ల సొంత స్టూడియో పెట్టింది. ఇరవై ఏడేండ్ల పిల్ల, పెండ్లి కాలె, సొంత దుకాణం. 1913ల ఆడోళ్లకు ఫోటోగ్రఫీ ఒక వృత్తిగ ఎట్ల పనికొస్తదో వ్యాసం రాసింది. అమెరికాల ఆడోళ్లందరికి ఓటు హక్కు రాజ్యాంగంల ఎక్కింది 1920ల. అంతకు ఏడేండ్ల ముందే ఈమె సంపాదన ముచ్చట చెప్పింది.

1915 ఫిబ్రవరిల రాయ్ పార్ట్రిడ్జ్‌ను పెండ్లి చేసుకున్నది. ఆయన చిత్రకారుడు, రాగి రేకు మీద గీసి అచ్చేసే ఎచింగులు చేసేటోడు. ఆ ఏడే ఇద్దరు రెయినియర్ కొండ మీదికి పోయిండ్రు. మంచు కొండ. ఆ మంచు నడుమ, నీళ్ల ఒడ్డున, రాయ్ బట్టలు ఇడిసి నిలవడ్డడు, కూసున్నడు, వంగి నీళ్లల్ల చూసిండు. ఇమోజెన్ ఫోటోలు తీసింది. జర మసక మసకగ, పాత కథలల్ల అడివి దేవత లెక్క ఉంటడు ఆ ఫోటోలల్ల. ఆ ఫోటోలు సియాటిల్‌ల ప్రదర్శనకు పెట్టిండ్రు, పత్రికల వచ్చినయి.

ఊరంత గోల. బూతు అన్నరు, సిగ్గులేని పని అన్నరు.

ఇక్కడ జర ఆగుండ్రి. యూరప్ మ్యూజియముల నిండ బట్టల్లేని ఆడోళ్ల బొమ్మలే. వందల ఏండ్ల సంది మొగోళ్లు గీస్తనే ఉన్నరు, చెక్కుతనే ఉన్నరు. వాటి ముందల పెద్దమనుషులు చేతులు కట్టుకొని నిలవడి మెచ్చుకుంటరు. మన కాడ రామప్ప గుడి స్తంభాల మీద మదనికల్ని చూడండ్రి, ఎనిమిది వందల ఏండ్ల సంది నిలవడి ఉన్నరు. ఎవల్లు కండ్లు మూసుకోలె. సియాటిల్‌ల జనానికి కోపం వచ్చింది ఒళ్లు చూసినందుకు గాదని నా లెక్క. ఒక ఆడామె కెమెరా ఎనుక నిలవడి మొగోని ఒళ్లును చూసింది, ఇది చక్కగున్నదని నలుగురికి చెప్పింది. ఎవలు చూడాలె, ఎవలు కనవడాలె అన్న కాయిదాను తిరగేసింది. అది మింగుడు వడలె.

రాయ్ కట్టుకున్న మొగడు. ఇష్టపడే దిగిండు. ఎవలకు నష్టం కాలె. అయినా ఇమోజెన్ ఆ నెగటివ్‌లు పక్కకు పెట్టింది. యాభై ఏండ్లకు పైన మల్ల బయటికి తియ్యలె. అర్థ శతాబ్దం! గిరాకీ మాత్రం పోలేదు, మనుషులు ఫోటోలు దిగనీకి వస్తనే ఉన్నరు. తీసుడు సుత బందు పెట్టలె. ఆ ఒక్క కట్టను పెట్టెల పెట్టింది.

ఆ ఏడు డిసెంబరుల పెద్దకొడుకు గ్రిఫిడ్ పుట్టిండు. 1917ల శాన్ ఫ్రాన్సిస్కో దిక్కు వలస పోయిండ్రు. ఆ సెప్టెంబరుల కవలలు పుట్టిండ్రు, రాండల్, పాడ్రిక్. రెండేండ్లు నిండని పిల్లగాడు ఒకడు, చంటోళ్లు ఇద్దరు. రాయ్ బొమ్మలు గీయనీకి ఊర్లు తిరిగేటోడు. 1920ల మిల్స్ కాలేజీల ఆయనకు పంతులు కొలువు దొరికింది. ఆయన కళాకారుడు, ఈమె ఇల్లాలు. లోకం లెక్క ప్రకారం ఈమె పని అక్కడితోని ఖతం కావాలె.

స్టూడియో లేదు. మోడళ్లు లేరు. బయటికి పోనీకి లేదు. ఉన్నది ఇల్లు, ముగ్గురు పిల్లలు, ఇంటెనుక తోట. ఇమోజెన్ ఆ తోటల మొక్కలు పెంచింది. పిల్లలు పండుకున్నప్పుడు, లేకుంటె చుట్టు ఆడుకుంట ఉన్నప్పుడు, కెమెరా స్టాండు పూల ముందల పెట్టింది. చిన్నప్పుడు వృక్షశాస్త్రం స్లైడ్లు చేసిన చెయ్యి అది. ఏ పువ్వు ఎప్పుడు ఇచ్చుకుంటదో, లోపల ఏమున్నదో తెలుసు. 1925ల తీసిన మాగ్నోలియా పువ్వు ఫోటో ఇయ్యాల లోకమంత ఎరుక. నేను ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద చూసింది అదే.

మన అమ్మలు పొద్దుగాల నాలుగింటికి లేస్తరు. వాళ్లకు టైం లేదని ఎన్నడు అనరు, అనే టైం సుత ఉండదు. ఈమె బతుకు చూస్తె నాకు ఒకటి అర్థమైంది. దొరికిన ఇరవై నిమిషాలకు తగ్గ పని ఎంచుకున్నది. పువ్వు ఎటు పోదు. పైసలు అడగదు. పిల్లగాడు ఏడిస్తె పోయి ఎత్తుకొని వచ్చేసరికి అక్కడనే ఉంటది. గాజు పలక కెమెరాల పెట్టి ఉంచుకుంటె, మల్ల వచ్చి మీట నొక్కొచ్చు. కడుగుడు రాత్రి, పిల్లలు పండుకున్నంక. ఆ రాత్రిపూట డార్క్ రూమ్ పని ఎట్లుంటదో నాకు తెలుసు. నడుము నొస్తది, కండ్లు మండుతయి. అయినా కాగితం మీద బొమ్మ లేస్తుంటె పండుకోబుద్ధి కాదు.

పువ్వుల నుంచి మల్ల మనిషి ఒంటికి వచ్చింది. ఈపారి మసక లేదు. కెమెరా లెన్సుల ఎలుగు వచ్చే రంధ్రం ఉంటది. దాన్ని బాగ చిన్నగ చేస్తె, ముందలున్నది ఎనుకున్నది అన్ని సాఫుగ, సూది మొన లెక్క కనవడ్తయి. కానీ ఎలుగు తక్కువైతది, అందుకే ఎక్కువ సేపు తెరిచి ఉంచాలె. అంతసేపు ఎదురుగున్నది కదలొద్దు. పువ్వు కదలదు. మనిషి ఊపిరి బిగవట్టాలె. అట్ల బిగవట్టి నిలవడాల్నంటె తీసేటామె మీద నమ్మకం ఉండాలె.

1928ల తీసిన ట్రయాంగిల్స్ అనే ఫోటో చూడండ్రి. కూసున్న ఆడమనిషి ఒంట్ల ఒక ముక్క. మోకాలు, రొమ్ము, చెయ్యి, వాటి నడుమ నీడలు మూడు మూలల ఆకారాలైతయి. ముఖం లేదు. ఇది ఎవలు అని అడగనీకి ఆ ఫోటో మనకు జాగ ఇయ్యది. కొండలు లోయలు చూసినట్టు చూడాలె. మాగ్నోలియాను చూసిన కండ్లే దీన్నీ చూసినయి. పువ్వు లోపల చూస్తె సిగ్గు లేదు, మనిషి ఒంటిని చూస్తె ఎందుకుండాలె అన్నట్టు ఉంటది. ముఖం చూపియ్యకపోవుడు ఆ ఆడామెకు ఒక రక్షణ అని నాకు అనిపిస్తది. ఒళ్లు నలుగురికి కనవడ్డది, మనిషి మాత్రం ఎవల చేతికి చిక్కలె.

1929ల జర్మనీల స్టట్‌గార్ట్‌ల ఫిల్మ్ ఉండ్ ఫోటో అని పెద్ద ప్రదర్శన జరిగింది. ఎడ్వర్డ్ వెస్టన్ అనే పేరున్న ఫోటోగ్రాఫర్ ఈమె ఫోటోలు పది ఎంపిక చేసి పంపిండు. ఎనిమిది మొక్కలవి, ఒకటి ఫ్యాక్టరీ దిక్కుది, ఒకటి నగ్న చిత్రం. అంటె తోటల పిల్లల్ని చూసుకుంట తీసినయే సముద్రాలు దాటినయి. 1932ల వెస్టన్, ఆన్సెల్ ఆడమ్స్ అసొంటోళ్లు కలిసి ఎఫ్ 64 అని గుంపు కట్టిండ్రు. ఆ లెన్సు రంధ్రం సైజు పేరే గుంపు పేరు. ఇమోజెన్ అండ్ల ఒక సభ్యురాలు. శాన్ ఫ్రాన్సిస్కో డి యంగ్ మ్యూజియంల ప్రదర్శన పెట్టిండ్రు.

1931ల మార్తా గ్రాహం అనే నాట్యకత్తెను తీసిన ఫోటోలు వ్యానిటీ ఫేర్ పత్రికల వచ్చినయి. పత్రికోళ్లు పనులు ఇచ్చుడు మొదలు పెట్టిండ్రు. హాలీవుడ్ నటుల్ని తీసింది, అందగాళ్ల కన్న మామూలు ముఖాలోళ్లంటె ఈమెకు ఇష్టం ఎక్కువ. 1934ల న్యూయార్క్ పోయే పని వచ్చింది. రాయ్ ఆగుమన్నడు, కాలేజీ అయినంక ఇద్దరం కలిసి పోదామన్నడు. ఈమె ఆగలె. పోయింది. ఆ ఏడే విడాకులైనయి.

ఇద్దర్ల ఎవలది తప్పు అని తేల్చే పని మనది గాదు. నేను చూసేది ఒక్కటే. పంతొమ్మిదేండ్లు ఆయన పని ఎప్పుడుంటె అప్పుడు ఆయన పోయిండు. ఈమె పని వచ్చిన నాడు మాత్రం ఆగాల్సి వచ్చింది. మన ఇండ్లల్ల సుత ఆడోళ్ల పని ఎప్పుడైనా ఆగగలిగే పని లెక్కనే చూస్తరు. ఈమె ఒక్కపారి ఆగలె, అంతే. దానికి కట్టిన ధర తక్కువేం గాదు. యాభై ఏండ్లు దాటిన ఒంటరి ఆడమనిషి, ఇగ బతుకంత పోర్ట్రెయిట్లు తీసి సంపాదించుకున్నది. రోలిఫ్లెక్స్ కెమెరా మెడల ఏసుకొని వీధులు తిరిగింది. కళాశాలల పాఠాలు చెప్పింది. 1947 సంది శాన్ ఫ్రాన్సిస్కో గ్రీన్ స్ట్రీట్‌ల చిన్న ఇల్లు, అండ్లనే డార్క్ రూమ్.

నడుమ నడుమ నగ్న చిత్రాలు సుత తీస్తనే ఉన్నది. 1959ల ఒక గర్భిణి ఫోటో తీసింది. నిండు కడుపు. ఆ రోజుల్ల గర్భిణి అంటె కడుపు కనవడకుంట వదులు బట్టలు ఏసుకొని మూలకు ఉండాలె. ఆ కడుపును దాచకుంట చూపెట్టింది. ముగ్గురిని కన్న తల్లి చూపు అది. ఒంటి మీద చూపు వేరు, ఒంటిని ఎరుక చేసుకొనే చూపు వేరు. ఫోటో చూస్తె ఏది ఏందో తెలుస్తది.

పేరు ముసలితనంల వచ్చింది. 1964ల అపెర్చర్ అనే ఫోటోగ్రఫీ పత్రిక ఒక సంచికంత ఈమె మీదనే తెచ్చింది, అప్పటికి 81 ఏండ్లు. 1970ల గుగెన్‌హైమ్ ఫెలోషిప్ వచ్చింది. ఎందుకోసమంటె, పాత నెగటివ్‌లు మల్ల ప్రింటు చేయనీకి. ఎనభై ఏడేండ్ల ముసలామె పెట్టెలు ఇప్పింది. గాజు పలకలు తీసింది. అండ్ల రెయినియర్ కొండ మీద మంచు నడుమ రాయ్ ఉన్నడు. పడుచు మొగడు, కొత్త పెండ్లి, 1915.

ఈపారి ఎవలు గోల చేయలె. చక్కగున్నదన్నరు. ఫోటోల ఒక్క గీత మారలె, లోకమే మారింది. దానికి యాభై అయిదేండ్లు పట్టింది.

1974ల ఇంకో ఫోటోగ్రాఫర్ జూడీ డేటర్ ఒక ఫోటో తీసింది. యోసెమిటీ అడవిల పెద్ద చెట్టు మొదలు. ఒక దిక్కు బట్టల్లేని పడుచు మోడల్ ట్వింకా, ఇంకో దిక్కు తొంభై దాటిన ఇమోజెన్, నల్ల బట్టలు, మెడల కెమెరా. ఇద్దరు ఒకలకొకలు అప్పుడే ఎదురువడ్డట్టు చూసుకుంటున్నరు. ముసలామె ముఖంల కోపం లేదు, సిగ్గు లేదు. ఇదేందో చూద్దామన్నట్టు ఉంటది. నాకైతె ఆ ఫోటో చూసినప్పుడల్ల నవ్వొస్తది, కండ్లల్ల నీళ్లు సుత తిరుగుతయి.

తొంభై దాటినంక కొత్త పని మొదలు పెట్టింది, ముసలోళ్ల ఫోటోలు. ఒళ్లంత పచ్చబొట్లు ఉన్న ఒక ముసలామెను, పేరు ఐరీన్ బాబీ లిబ్యారీ, 1976ల తీసింది. మెడ సంది కాళ్ల దాక బొమ్మలే. ముడతలు పడ్డ చర్మం మీద ఆ బొమ్మలు సుత ముడతలు పడ్డయి. ఒళ్లు అంటె పడుచుదే అందం అనుకునేటోళ్లకు అది జవాబు. ఆ ఏడాది జూన్‌లనే ఇమోజెన్ కన్నుమూసింది, 93 ఏండ్లు. ఆ ముసలోళ్ల ఫోటోల పుస్తకం ఆఫ్టర్ నైన్టీ 1977ల, ఆమె పోయినంక వచ్చింది.

ఇగ పంచాయితీ కాడికి వస్త.

ఆ పెద్దాయన, ఒంటి మీద బట్ట లేకుంట ఫోటో దిగుడే తప్పు అన్నడు. ఇమోజెన్ బతుకు అంత దానికి జవాబే. డెబ్బై ఏండ్లు మనుషుల ఒళ్లు ఫోటోలు తీసింది. ముందు తన ఒంటితోని మొదలు పెట్టింది. మొగడిని తీసింది, ఆయన ఇష్టంతోని. ఎదురుగ నిలవడి, ఊపిరి బిగవట్టినోళ్లను తీసింది.  నగ్నం అన్నది తప్పు గాదు. ఒప్పు ఉన్నదా లేదా అన్నదే లెక్క. దిగిన మనిషికి తెలుసా, ఇష్టమేనా, ఎవలకు చూపిస్తరో ఎరుకేనా. ఈ మూడు ఉంటె అది కళ అయితదో కాదో తర్వాత ముచ్చట, నేరం మాత్రం గాదు. ఈ మూడు లేకుంటె, ఒంటి నిండ బట్టలున్న ఫోటో సుత దొంగతనమే.

ఇంకొకటి చెప్తె నాకు నేనే ఎదురు చెప్పుకున్నట్టు అయితది. అయినా చెప్పాలె. ఇమోజెన్‌కు గాజు పలక చేతుల ఉండె. గోల అయితె పెట్టెల పెట్టింది, కాలం వచ్చినంక తీసింది. ఇప్పుడు ఫోన్ల మీట నొక్కినంక ఆ పెట్టె మన చేతుల ఉండదు. అందుకే చెల్లెండ్లకు నేను పంపుండ్రి అని చెప్పను, పంపకుండ్రి అని భయపెట్టను. నెగటివ్ ఎవల కాడున్నదో ఎరిగి ఉండుండ్రి అంట. పంపిన నాడు నమ్మినవు, నమ్ముడు నేరం గాదు. నమ్మకం అమ్ముకున్నోడిదే నేరం. చట్టం సుత అదే చెప్తది. ఒప్పుకోలు లేకుంట ఒకల అంతరంగ ఫోటో తీసినా, పంచినా ఐటీ చట్టం సెక్షన్ 66ఈ కింద మూడేండ్ల దాక జైలు ఉన్నది. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌ల ఇంట్ల కూసొనే ఫిర్యాదు ఇయ్యొచ్చు. సాక్ష్యం తుడిచెయ్యకుండ్రి, స్క్రీన్‌షాట్లు దాచుండ్రి.

తమ్ముళ్లకు ఒక మాట. గ్రూపుల ఒక ఫోటో వస్తది. మీరు తీయలె, మీరు అడగలె. కానీ ముందలికి పంపేటప్పుడు ఆ ఏలు మీదే. ఆ ఏలు ఆపుండ్రి. అంతకన్న పెద్ద మొగతనం నాకు తెల్వది.

మేము ఆ బిడ్డను ఎంటవెట్టుకొని పోయి ఫిర్యాదు ఇప్పిచ్చినం. తల్లి సుత వచ్చింది. పంచాయితీల తల వంచుకున్న తల్లే ఠాణాల కాయిదం మీద సంతకం పెట్టేటప్పుడు తల లేపింది. ఆ బిడ్డ ఇంకా కాలేజీకి పోతలేదు. పోతదని నా నమ్మకం. ఇమోజెన్‌కు యాభై అయిదేండ్లు పట్టింది. మా బిడ్డకు అంత కాలం పట్టొద్దు. వచ్చే సోమవారం ఆమెను కలవనీకి పోతున్న, ఆ అట్ట చినిగిన పుస్తకం సంచిల పెట్టుకున్న.